ఎడం చేతికి ఎక్స్చేంజ్ లేదు

పోయినవాటి లెక్క ముందు రాసేస్తాను.

కెమెరాలు రెండు. లెన్సులు నాలుగు, మిల్లీమీటర్ల లెక్కన: యాభై, నూట ముప్ఫై అయిదు, రెండు వందలు, మూడు వందలు. లెన్సు ముందు బిగించే ఫిల్టర్లు ఆరు. కొత్త లెన్సుల మూతికి ఒక్కటీ సరిపోలేదు. ఫ్లాష్ ఒకటి, బాగానే వెలిగేది గానీ కొత్త కెమెరా చెప్పిన మాట దానికి వినపడేది కాదు. రెండు వందల లెన్సుకు పట్టు కోసం సైకిల్ ట్యూబు కోసి తొడిగిన రబ్బరు పట్టీ ఒకటి. కొత్తదానికి చేతులు అలవాటు పడేలోపు పాడైన ఫిల్ము రీళ్ళు పద్నాలుగు. రీలుకు ముప్ఫై ఆరు చొప్పున అయిదు వందల నాలుగు బొమ్మలు. అన్నిటికంటే పెద్దది, ఎడం చేతికి పదకొండేళ్ళుగా పట్టిన పనితనం. దాన్ని ఏ అంకెతో రాయాలో తెలియక చివరన పెట్టాను.

డబ్బు ఇందులో వేయలేదు. అది ఎలాగో మళ్ళీ వచ్చింది.

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళలో జరిగే ఆటలకు ఇరవై ఏడేళ్ళు ఫొటోలు తీశాను. కబడ్డీ, వాలీబాల్, పరుగు పందేలు, డొంకూరు వైపు తెప్పల పందేలు. తీసినవాటిలో మంచివి జిల్లా పేజీకి పంపేవాణ్ణి. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. వెలుతురు కొలతలూ, ఎంత దూరంలో ఎన్ని అంగుళాల మేర బొమ్మ పదునుగా వస్తుందన్న లెక్కలూ సొంతంగా వేసుకుని, తప్పులు పోయి, మళ్ళీ వేసుకుని నేర్చుకున్నవే. మోకాళ్ళు ఒప్పుకోక నాలుగేళ్ళ కిందట పని మానేశాను.

ఈమధ్య ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు ఇంటికొచ్చి, "కెమెరా మారుద్దామనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది?" అని అడుగుతున్నారు. నోటితో చెబితే సగం విని ఫోను చూసుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

నల్లది, తెల్లది

ఏ కంపెనీది మంచిదంటే, ఏదైనా మంచిదే. పేర్లతో మాకు పని ఉండేది కాదు. ఒక కంపెనీ దూరపు లెన్సులు నల్లగా ఉండేవి, ఇంకో కంపెనీవి తెల్లగా ఉండేవి. మేం నల్లది, తెల్లది అనేవాళ్ళం. నేను మొదట నల్లదాని మనిషిని.

కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి, ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ కెమెరాకు ఎక్కదు. కెమెరా మార్చడమంటే ఇంట్లో ఒక్క గిన్నె మార్చడం కాదు, వంటిల్లంతా మార్చడం. ఇది అందరికీ తెలుసు. రెండోది షాపులో ఎవరూ చెప్పరు. దూరంగా ఉన్న మనిషిని పదునుగా చూపించాలంటే నల్లదాని లెన్సు చుట్టూ ఉండే కడియాన్ని ఒకవైపు తిప్పాలి. తెల్లదానిలో సరిగ్గా దానికి ఎదురువైపు తిప్పాలి.

ఇందులో ఏముంది, గుర్తుపెట్టుకుంటే సరి అనిపిస్తుంది. పెళ్ళిళ్ళు తీసేవాడికి నిజంగానే ఏమీ లేదు. పెళ్ళికొడుకు ఎటూ పరిగెత్తడు. ఆటలు తీసేవాడికి గుర్తుపెట్టుకునే తీరిక ఉండదు.

హరిశ్చంద్రపురం ప్లాట్‌ఫాం

నాకు పని నేర్పింది దేవదానం మావ. కాశీబుగ్గలో ఆయనకు స్టూడియో ఉండేది. బాప్టిస్టు సంఘంలో పాటలు పాడేవాడు. ఆదివారం పొద్దున స్టూడియో తీసేవాడు కాదు. నాకు చుట్టమేమీ కాదు. ఆయన అందరికీ మావే, మేమందరం ఆయనకు అల్లుళ్ళమే.

ఆరాధన అయ్యి భోజనం చేశాక నన్ను ప్యాసింజర్ ఎక్కించి హరిశ్చంద్రపురం తీసుకెళ్ళేవాడు. పెద్ద బళ్ళు ఆ స్టేషన్లో ఆగేవి కావు, దడదడలాడించుకుంటూ పోయేవి. ప్లాట్‌ఫాం చివర నన్ను గొంతుకు కూర్చోబెట్టి, ఫిల్ము లేని కెమెరా చేతికిచ్చి, ఎదురుగా వచ్చే ఇంజను ముక్కు మీద నంబరు మసకబారకుండా చివరిదాకా పట్టమనేవాడు. బండి దగ్గరకొస్తున్న కొద్దీ కడియం తిప్పుతూ ఉండాలి. మొదట మెల్లగా, తర్వాత గబగబా. ఎక్కువ తిప్పితే నంబరు పోతుంది, తక్కువ తిప్పినా పోతుంది.

"పోనాదా?" అనేవాడు బండి వెళ్ళాక.

"పోయింది మావా."

"మరి పోదేటి? కన్ను సూసి బుర్రకి సెప్పి, బుర్ర సేతికి సెప్పీసరికి బండి నౌపడ దాటీస్తాది. బుర్రని మధ్యలో పెట్టకు. సెయ్యే సూడాల."

అక్కడి స్టేషన్ మాస్టరు మమ్మల్ని చూసి, "ఏటి దేవదానం, ఈ అల్లుడు ప్లాట్‌ఫాం దిగడు, ఊల్లోకెల్లడు. దేనికి తెత్తావు?" అని నవ్వేవాడు. "బండిని కంటితో ఆపడానికి" అనేవాడు మావ.

మొదటి ఏడాది వంద బళ్ళకు తొమ్మిది పట్టాను. రెండో ఏడాదికి డెబ్బై దాటాయి. మూడో ఏడాదికి లెక్కపెట్టడం మానేశాను, ఎందుకంటే తప్పినప్పుడే గుర్తుండేది. ఆ తర్వాత మైదానంలో కబడ్డీ కూత వినపడగానే ఎడం చెయ్యి దానంతటదే కదిలేది. ఆడేవాడు ఎటు దూకుతాడో నాకంటే ముందు దానికి తెలిసేది. అప్పటి నా సుఖం అంతా అదే. టెక్కలి మైదానంలో సాయంత్రం ఎండ వాలుగా పడి, ఆటగాళ్ళ కాళ్ళ దగ్గర దుమ్ము బంగారంలా లేస్తుంటే, నేనొక్కణ్ణే ఏమీ ఆలోచించకుండా కూర్చునేవాణ్ణి. ఆ తర్వాత మంచి కెమెరాలు వచ్చాయి. అంత ఖాళీ బుర్రతో పని చేసిన రోజులు మాత్రం మళ్ళీ రాలేదు.

మార్చిన సంగతి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పలాసలో ఒక వాలీబాల్ పోటీకి విశాఖపట్నం నుంచి ఇంకో పేపరు ఫొటోగ్రాఫర్ తెల్లది పట్టుకుని వచ్చాడు. ఆ కెమెరా తనంతట తానే ఫోకస్ పట్టేది. బొత్తం సగం నొక్కితే లెన్సులోపల చిన్న మోటారు చప్పుడు, అంతే, మొహం పదునుగా వచ్చేసేది. సెకనుకు అయిదు బొమ్మలు. నేను ఒకటి తీసి రీలు ముందుకు తిప్పేలోపు అతను బంతి కథంతా తీసేశాడు.

రెండు రోజులకు శ్రీకాకుళం నుంచి మా డెస్క్ ఇన్‌చార్జి ప్రకాశరావుగారు ఫోను చేశారు. కాశీబుగ్గ ఎస్టీడీ బూత్‌కి నన్ను పిలిపించి మాట్లాడేవారు.

"వాళ్ళ పేజీలో మొహాలు చూశావా? చెమటచుక్క కనపడుతోంది."

"చూశానండి."

"మనకీ కావాలి. ముఖం లేని ఫొటో నా దృష్టిలో ఫొటో కాదు."

ఆయన్ని చెడ్డ పై అధికారి అనలేను. ఏం కావాలో మొహమాటం లేకుండా చెప్పేవారు. ఏం కావాలో చెప్పకుండా వంకలు పెట్టేవాళ్ళ దగ్గర కంటే ఇలాంటివాళ్ళ దగ్గర పని చేయడం సుఖం.

నేను లెక్క వేశాను. నాకు లెక్క వేయకుండా చొక్కా కొనడం కూడా చేతకాదు. విశాఖపట్నం షాపువాడు పాత సరంజామా మొత్తం ఒకేసారి ఇస్తేనే మంచి ధర కడతానన్నాడు. ఒక్క లెన్సు ఉంచుకున్నా ధర పడిపోతుంది. ఆ కాగితం పట్టుకుని మావ దగ్గరకు వెళ్ళాను. ఆయన బల్ల మీద పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్నాడు.

"మొత్తం తీసుకుంటాడా ఆ షాపోడు?"

"మొత్తం, మావా."

"కెమెరాలు, లెన్సులు, పెట్టితో సహా?"

"పెట్టితో సహా."

"ఆ ఎడం సెయ్యి కూడా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కత్తెర పక్కన పెట్టి నా ఎడం చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాడు.

"ఇది నల్లదాని సెయ్యిరా. హరిశ్చంద్రపురంలో తయారైనాది. తెల్లదానికిది పనికిరాదు. దీనికి ఎక్స్చేంజ్ ఎవడిత్తాడో కనుక్కున్నావా?"

"తెల్లది తనే ఫోకస్ పడుతుంది మావా. చేత్తో పనిలేదు."

"ఎప్పుడూ పడతాదా?"

పాతవాటిలోంచి ఒక కెమెరా, రెండు వందల లెన్సు ఆరు నెలలు ఉంచుకుని రెండూ కలిపి నడపమన్నాడు. నేను కాగితం చూపించి అలా చేస్తే ఎంత నష్టమో చెప్పాను. నా కూడికలో తప్పు లేదు. కూడికలో ఒక వరస వేయడం మరిచాను, అంతే. మీరు మార్చేటప్పుడు ఆ వరస వేయండి. పాతదాన్ని వెంటనే వదలకండి. వదిలితే ఆరు నెలల దాకా పెద్ద ఆట ఏదీ ఒప్పుకోకండి.

పాతవన్నీ ఇచ్చేసి తెచ్చుకున్న తెల్లదానితో మొదటి దెబ్బ నౌపడలో తిన్నాను. ఉప్పు మడుల దగ్గర పనివాళ్ళ పిల్లలకు పరుగు పందెం. ఉప్పు కుప్పల తెలుపు చూసి పాత కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోయేది, పిల్లల మొహాలు నల్లగా వచ్చేవి. అందుకని ఉప్పు దగ్గర మీటరు చెప్పినదానికి రెండున్నర రెట్లకు పైగా వెలుతురు ఇవ్వడం నాకు అలవాటు. కొత్త కెమెరా తెలివైనది, తెలుపు చూసి తనే కొంత సర్దుకుంది. దాని మీద నేను మళ్ళీ సర్దాను. రీలంతా తెల్లబోయింది. ఎవరు ఎక్కడ పరిగెత్తారో తెలియలేదు, ఉప్పులో కలిసిపోయారు.

అప్పటికీ అది మీటరు గొడవ అనుకున్నాను. చేతి సంగతి ఇంకా తెలియలేదు.

టెక్కలి, ఆఖరి కూత

ఆ చలికాలం టెక్కలిలో ఆడపిల్లల కబడ్డీ పోటీలు జరిగాయి. గెలిచిన జట్టు నుంచి ముగ్గురిని స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికకు పంపుతారు. ఓడిన జట్టు నుంచి ఎవరినీ పంపరు.

ఉద్దానం జట్టులో దమయంతి అని పదో తరగతి పిల్ల. సన్నగా ఉండేది గానీ నేల మీద పాకినట్టు దూకేది. తల్లి కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే బట్టీలో పిక్కలు కొట్టేది. సెలవు రోజుల్లో ఈ పిల్లా వెళ్ళేది. జీడి పిక్క రసం చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళకు ఎంత బూడిద రాసుకున్నా కొసలు నల్లగా మాడిపోతాయి, నెలల తరబడి ఆ మరక పోదు. దమయంతి వేళ్ళు అలాగే ఉండేవి.

ఆట మొదలయ్యే ముందు వాళ్ళ పీఈటీ మేష్టారు నా పక్కన చతికిలబడి మెల్లగా అన్నాడు. "బాబూ, ఈ గుంటకి హాస్టల్ దొరక్కపోతే పరీక్షలవగానే బట్టీకే. వాళ్ళమ్మ ఒప్పీసుకున్నాది కూడా. బట్టీ ఓనరుకి మాటిచ్చీసినాదట."

నేను దమయంతి వైపు గీతల వెనక, నేల మీద కూర్చున్నాను. అక్కడైతే అవతలి వైపు వెళ్ళి తిరిగొచ్చే మనిషి మొహం నాకు ఎదురుగా ఉంటుంది. మధ్యగీత నాకు ఇరవై మూడు అడుగుల దూరం. రెండు వందల లెన్సుతో అంత దూరంలో, ఆ వెలుతురుకి, పదునుగా వచ్చే మేర ఎనిమిది అంగుళాలు. మొహం పట్టుకుంటే చెవులు మసక. అంత సన్నటి పని.

ఆఖరి కూతకు ఉద్దానం జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఎండ పోతోంది. దుమ్ము లేచింది. దమయంతి కూత పెడుతూ అవతలికి వెళ్ళింది. తెల్ల లెన్సు ఆ దుమ్ములో ఏది మనిషో తెలియక ముందుకూ వెనక్కూ వెతుక్కోవడం మొదలుపెట్టింది. మోటారు చప్పుడే గానీ బొమ్మ నిలబడటం లేదు. మావ అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. మీట నొక్కి మోటారు ఆపేశాను. కడియం చేత్తో పట్టుకున్నాను.

దమయంతి ఒకమ్మాయిని తాకి వెనక్కు దూకింది. దూకడంలోనే ఆ అమ్మాయితో కలిపి ముగ్గురు పట్టుకున్నారు, ఒకళ్ళు నడుము, ఇద్దరు కాళ్ళు. ఆమె నేల మీద పడి చెయ్యి చాపింది. కూత ఆగలేదు. గీత దాటి ఇవతలి మట్టి తాకితే పట్టుకున్న ముగ్గురూ అవుట్, మూడు పాయింట్లు, ఆట ఉద్దానానిది. తాకకపోతే అయిపోయినట్టే. వాళ్ళు ఆమెను వెనక్కు లాగారు. మొహం నాకు దూరమైంది. దూరమైన మొహాన్ని పట్టడానికి నా ఎడం చెయ్యి, నన్ను అడక్కుండా, హరిశ్చంద్రపురంలో నేర్చుకున్న వైపు తిరిగింది.

అది తెల్లదానిలో దగ్గర వైపు.

కెమెరాలో మొహం కరిగిపోయింది. సున్నం గీత గింజ గింజా కనిపించేంత పదునుగా లేచింది. బొత్తం మీద వేలు అప్పటికే పడింది. మూడు బొమ్మలు.

అంపైర్ చెయ్యెత్తి దమయంతి అవుట్ అన్నాడు. జనం కేకలు. ఆ పిల్ల లేవకుండా అక్కడే కూర్చుని, "దాటినాను మేష్టారూ, దాటినాను, ఒట్టు" అంటోంది. అంపైర్ కూడా మంచివాడే. "నాకు కనపళ్ళేదమ్మా, కాళ్ళ వైపు చూస్తున్నాను. కనపడనిది ఎలా ఇస్తాను?" అన్నాడు.

పీఈటీ మేష్టారు నా దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు.

"బాబూ, నీకు పడిందా?"

"మొహం పడలేదు మేష్టారూ. తప్పు తిప్పాను."

"మొగమెవడిక్కావాలి? ఏళ్ళు పడ్డాయా?"

మొహం లేని ఫొటో

మేష్టారు నిర్వాహకుల దగ్గర అభ్యంతరం రాసిచ్చాడు. రుజువు ఉంటే మర్నాడు పొద్దున తెమ్మన్నారు. నేను కప్పు అందుకుంటున్న గెలిచిన జట్టు ఫొటో ఉన్న రీలును శ్రీకాకుళం బస్సులో డెస్క్‌కి పంపించి, ఈ రీలు పట్టుకుని కాశీబుగ్గ చేరాను. మేష్టారు కూడా నాతో వచ్చాడు. చీకటి గది బయట బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

లోపల ఎర్రదీపం కింద మావ కాగితాన్ని మందునీళ్ళలో వేసి తట్టను అటూ ఇటూ ఊపాడు. మొదట సున్నం గీత మాత్రం తెల్లగా మిగిలి, చుట్టూ మట్టి బూడిద రంగులోకి వచ్చింది. తర్వాత గీతకు ఇవతల మూడు నల్లటి చుక్కలు. చుక్కల వెనక వేళ్ళు, వేళ్ళ వెనక చెయ్యి, చెయ్యి వెనక ఏదో మబ్బు.

"మొగమేదిరా అల్లుడూ?"

"ఆ మబ్బే మావా."

"తప్పు తిప్పినావు."

"అవును."

"ఎంత?"

నేను మనసులో లెక్క వేసుకున్నాను. "రెండడుగులు."

మావ తట్టలోంచి కాగితం పైకి తీసి దీపం దగ్గర పట్టుకున్నాడు. మూడు వేళ్ళ కొసలు, గీత దాటి, ఇవతలి మట్టి మీద ఆని ఉన్నాయి. జీడి మరకలు కాబట్టి తెల్లటి సున్నం పక్కన మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. శుభ్రమైన వేళ్ళయితే మట్టిలో కలిసిపోయేవేమో.

"సరిగ్గా ఎంత తప్పాలో అంతే తప్పినావురా" అని, తలుపు సందులోంచి బయటికి కేకేశాడు. "మేష్టారూ! మీ గుంట దాటీసినాది!"

మర్నాడు పొద్దున నిర్వాహకులు అయిదుగురు, ఒక భూతద్దం. అంపైర్ అందరికంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత, "దాటిందండి. నేను చూడకపోవడం నిజం, ఆ పిల్ల దాటడమూ నిజం" అన్నాడు. అలా అనడానికి మనసు పెద్దదై ఉండాలి. ఈ వృత్తిలో నేను చూసిన పెద్దమనుషుల్లో ఆయనొకడు.

కానీ కప్పు అప్పటికే అవతలి ఊరు వెళ్ళిపోయింది. ట్రాక్టరు మీద ఊరేగించారు కూడా. వెనక్కు అడిగితే కొట్లాట. పైగా ఆ పొద్దున మా పేజీలో వాళ్ళు కప్పు పట్టుకుని నవ్వుతున్న ఫొటో నా పేరుతో వచ్చింది. అయిదుగురూ తలలు దగ్గర పెట్టుకుని మన ప్రాంతంలో ఇలాంటివి ఎలా తేలతాయో అలాగే తేల్చారు. కప్పు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఎంపికకు రెండు జట్ల నుంచీ ముగ్గురేసి వెళ్తారు. దమయంతి పేరు మొదట రాశారు.

ఆ ఫొటోను డెస్క్‌కి కూడా పంపాను. ప్రకాశరావుగారు వేయలేదు. "వేళ్ళు చూసి పాఠకుడు ఏం చేసుకుంటాడయ్యా?" అన్నారు. చాలాకాలం కోపం ఉండేది నాకు. ఇప్పుడు ఆలోచిస్తే పేజీ వరకు ఆయన చెప్పింది సబబే. పేపరు తెరిచినవాడికి మొహం కావాలి. కానీ మీరు తీసే ప్రతి ఫొటో పేపరు కోసమే కాదు. మైదానంలో మీరు తప్ప ఇంకెవరూ చూడనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పేపరువాళ్ళు వద్దన్నవాటిని వేరే కవరులో పెట్టి ఉంచండి. నా దగ్గర అలాంటి కవర్లు ఇనప్పెట్టె నిండా ఉన్నాయి. పేజీలో వచ్చినవాటిలో సగం ఇప్పుడు దొరకవు.

ఆ పిల్ల అడిగింది

ఎంపికలో సీటు వచ్చింది. హాస్టల్‌కి వెళ్ళే ముందు దమయంతి, వాళ్ళమ్మ స్టూడియోకి వచ్చారు. తల్లి బట్టీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు బూడిద అంటి ఉంది. ఒక పొట్లంలో బద్దల జీడిపప్పు తెచ్చింది.

ఫొటో చేతికిచ్చాను. దమయంతి తిప్పి తిప్పి చూసింది.

"బాబాయ్, ఇందుల నానేదీ?"

"ఆ వెనక ఉన్నది నువ్వే."

"ఓలమ్మ! ఇదేటి, పొగలా ఉన్నాను!"

తల్లి మాత్రం ఒక్క చూపుకే పోల్చుకుంది. వేళ్ళ మీద వేలు పెట్టి, "ఇవి దీని సేతులే బాబూ. ఈ మరకలు నానే కదా అంటించినాను" అంది. బట్టీ ఓనరుకి ఇచ్చిన మాట ఏం చేసిందో నేను అడగలేదు. పిల్లను పనికి పంపనని ఆ మధ్యాహ్నమే చెప్పి వచ్చిందని తర్వాత మేష్టారి ద్వారా తెలిసింది.

మావ కుర్చీ సర్ది, "రామ్మా కూకో, మొగం బాగా పడేలా నాను తీత్తాను, డబ్బులొద్దు" అన్నాడు. వెనక తెర కూడా దించాడు.

"వద్దు తాతా. కూకుని తీసింది వద్దు" అంది దమయంతి. నా వైపు తిరిగి, "కూత పెడతన్నప్పుడిది కావాల. గీత దాటతన్నప్పుడు. మొగంతో. నువ్వే తియ్యాల, తప్పు తిప్పినోడివి నువ్వే కదా" అంది.

మావ పగలబడి నవ్వాడు. "అల్లుడూ, బాకీ పడ్డావురోయ్" అన్నాడు.

ఇస్తానన్నాను. ఇవ్వగలననే అనుకున్నాను.

ఆదివారాలు మళ్ళీ హరిశ్చంద్రపురం వెళ్ళడం మొదలుపెట్టాను. ఈసారి మావ రాలేదు, ఆయనకు ఆయాసం. పాత స్టేషన్ మాస్టరూ లేడు. ప్లాట్‌ఫాం చివర ఒక్కణ్ణే కూర్చుని, నేర్చుకున్నది మరిచిపోవడం నేర్చుకున్నాను. కొత్త చెయ్యి రావడానికి రెండేళ్ళ పైన పట్టింది. వచ్చింది గానీ పాతదాని అంత నిద్రలో కూడా పనిచేసే చెయ్యి కాదది. మధ్యలో ఎప్పుడూ బుర్ర కొంచెం మేలుకునే ఉండేది.

దమయంతి కోసం రెండుసార్లు వెళ్ళాను. శ్రీకాకుళంలో ఆమె కూతకు వెళ్ళేసరికి వెలుతురు పూర్తిగా పోయింది. విశాఖపట్నంలో ఆ రోజు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టారు. బెంచీ మీద మొహం చాలా పదునుగా వచ్చింది. పంపితే, "ఇది కాదు బాబాయ్" అని కార్డు రాసింది. తర్వాత ఆమె మోకాలు పోయింది. ఆ తర్వాత నా మోకాలు.

ఈలోపు ఫిల్ము పోయి డిజిటల్ వచ్చింది. మావ స్టూడియో మూసేశాడు, కొన్నాళ్ళకు మావే వెళ్ళిపోయాడు. డిజిటల్‌కి మారడం నాకు కష్టం కాలేదు. తెల్ల లెన్సులే దానికీ ఎక్కాయి, చెయ్యి మార్చుకోనక్కర్లేకపోయింది. బొమ్మ అప్పటికప్పుడు వెనక కనపడుతుంది కాబట్టి ఆటగాళ్ళు వచ్చి చూసి, నవ్వుకుని, కాగితం మీద అక్కర్లేదని వెళ్ళిపోయేవాళ్ళు. పది రోజులు ఎదురుచూసి, పోస్టుకార్డు సైజు ఫొటో లుంగీకి తుడుచుకున్న చేతులతో అందుకునే మనిషి మొహం మాత్రం మళ్ళీ చూడలేదు. దాన్ని కూడా పై లెక్కలో కలపాలి. అప్పుడు తోచలేదు.

పోయిన చలికాలం ఉద్దానంలో ఒక హైస్కూలు వాళ్ళు ఆటల రోజని పిలిచారు. అక్కడి పీఈటీ టీచరు దమయంతే. కొంచెం లావైంది. వేళ్ళు తెల్లగా, మామూలుగా ఉన్నాయి. ఒక పిల్లకు పట్టు విడిపించుకోవడం రావడం లేదని, చీర కుచ్చిళ్ళు బొడ్డులో దోపుకుని, "ఇటు సూడండే" అంటూ తనే గీత దాటి వెళ్ళింది. మోకాలు సంగతి మరిచిపోయినట్టుంది. కూత మొదలైంది. నలుగురు పిల్లలు మీద పడ్డారు. వాళ్ళను లాక్కుంటూ, నవ్వుతూ, చెయ్యి చాపి, మొహం నాకు ఎదురుగా పెట్టి వచ్చింది.

కెమెరా అమ్మేసి నాలుగేళ్ళయింది. జేబులో ఫోను ఉందని గుర్తొచ్చేసరికి ఆమె గీత దాటేసింది. కానీ ఎడం చెయ్యి అప్పటికే గాల్లో తిరిగింది. ఏ వైపు తిరిగిందో చూసుకున్నాను. నల్లదాని వైపు. ఇన్నేళ్ళ తర్వాత, తెల్లది ఏదీ దానికి గుర్తులేదు.

దమయంతి దుమ్ము దులుపుకుంటూ వచ్చింది.

"ఏటి బాబాయ్, గాల్లో తిప్పతన్నావు?"

"నీ ఫొటో."

"పడిందా?"

"పడింది."

"మొగం?"

"మొహం కూడా."

"మరియితే ఇయ్యి" అని చెయ్యి చాపింది.

ఇరవై ఏడేళ్ళలో అడిగినవాళ్ళందరికీ ఫొటోలు ఇచ్చాను. ఇంకా ఇవ్వాల్సింది ఒకటి.